విప్పని ఆరో జడ

పోలో ఆటలో గుర్రం తోకకు జడ వేస్తారన్న సంగతి, ఆట చూడటానికి వచ్చేవాళ్ళలో సగం మందికి తెలియదు. గుర్రం మీద కూర్చున్నవాడు పొడవాటి కర్ర తిప్పి నేల మీది బంతిని కొడతాడు. ఆ కర్రకు గాలిలో ఆడే తోక వెంట్రుకలు చుట్టుకున్నాయంటే గుర్రమో మనిషో, ఎవరో ఒకరు నేల కరవాల్సిందే. అందుకని ఆటకు ముందు తోకను గట్టిగా అల్లి, అల్లినదాన్ని పైకి మడిచి, చుట్టూ పట్టీ బిగిస్తారు. దూరం నుంచి చూస్తే గుర్రానికి పిడికెడు కొప్పు పెట్టినట్టు ఉంటుంది.

ఆ లాయంలో ఈ పని చేసే ఆవిడను అందరూ జడలమ్మ అనేవాళ్ళు. అసలు పేరు జీతాల పుస్తకంలో ఉందేమోగాని, ఎవరి నోటా లేదు. అంతకుముందు ఆమె ఆడపిల్లల హాస్టల్లో ఆయా. బడి గంట కొట్టేలోపు నలభై తలలకు జడలు వేసేది. ఏడ్చే పిల్లకు ఏడుపు ఆగేదాకా నెమ్మదిగా, నిద్రమొహం పిల్లకు మెలకువ వచ్చేలా బిగించి వేసేది. హాస్టలు మూతపడ్డాక ఎవరో ఈ పని ఉందని చెప్పారు. మొదటిరోజు గుర్రం వెనక నిలబడి, "తలలకు బదులు తోకలు, అంతే కదా" అనుకుని దేవుడి పేరు తలచుకుని చెయ్యి వేసింది. ఇరవై రెండేళ్ళు ఆ చెయ్యి తీయలేదు.

ఆమె భర్తకు వీధి మలుపులో కటింగ్ షాపు ఉంది. "మా ఇంట్లో నేను జుట్టు తీస్తాను, ఆవిడ జడ వేస్తుంది. నష్టపోయేది మధ్యలో తలకాయే" అని కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ చెప్పేవాడు. వినీ వినీ విసిగినవాళ్ళు కూడా నవ్వేవాళ్ళు, కత్తి ఆయన చేతిలో ఉంటుంది గనుక.

లాయంలో ఒక కట్టుబాటు ఉండేది. తోక కట్టిన చేయే తోక విప్పాలి. పట్టీ ఎంత బిగించారో కట్టిన వేళ్ళకే తెలుస్తుందని, వేరొకరు కత్తిరించబోతే చర్మం తెగుతుందని పాతవాళ్ళు పెట్టిన నియమం. అందుకే గుర్రాలు చూసుకునేవాళ్ళెవరూ తోక జోలికి వెళ్ళరు. జీను దించుతారు, చెమట తుడుస్తారు, కొంచెం కొంచెంగా నీళ్ళు పట్టి నడిపిస్తారు. తోక మాత్రం జడలమ్మ వచ్చేదాకా అలాగే ఉంటుంది. ఆమె ఏనాడూ ఆలస్యం చేయలేదు గనుక ఆ నియమంలో ఒక చిల్లు ఉందని ఎవరికీ తట్టలేదు.

ఆ గుర్రాలు చూసుకునేవాళ్ళలో పెద్దవాడు నిదానం. గుర్రం బెదిరినా, మనిషి అరిచినా, లారీ బురదలో దిగబడినా ఆయన నోట ఒకటే మాట, "నిదానం, నిదానం." ఆ మాటే పేరైంది. అరవై దాటిన మనిషి. జడలమ్మను "చెల్లెమ్మా" అని పిలిచేవాడు. చలిరోజుల్లో ఆమె పట్టీలు గట్టిపడి విరుగుతాయని, ముందే తన చొక్కాలో పెట్టుకుని వెచ్చగా చేసి ఇచ్చేవాడు. ఇదేమీ పెద్ద ఉపకారంగా ఆయనకు తోచేది కాదు. ఆమెకూ అలవాటైపోయింది.

ఆయన చేతి గుర్రం తుమ్మెద. నల్లటి ఆడగుర్రం, మెరుపులా మలుపు తిరిగేది. దానికి తోక దురద. గోడకు రుద్దుకునేది. అందుకని నిదానం ఆట మర్నాడు పొద్దున్నే సీసాలోని కడుగుమందు మూతతో కొలిచి బకెట్ నీళ్ళలో కలిపి తోక కడిగేవాడు. మూత లోపల ఒక గీత ఉండేది. ఆ గీత దాటకూడదు.

ఇక ఆ ఏడాది కప్పు కోసం జరిగిన ఆట సంగతి.

దానికి ముందు వారం జరిగిన ఆటలో తుమ్మెద తోక కట్టు ఆట మధ్యలో ఊడిపోయింది. జట్టు నాయకుడు గుర్రం మీద నుంచే, అందరూ వింటుండగా, "ఏంటమ్మా ఇది? ఇరవై ఏళ్ళుగా కట్టడం నేర్చుకుంటూనే ఉన్నావా?" అన్నాడు. ఆయనది ఆట వేడిలో అన్న మాట, మర్నాటికి మరిచిపోయి ఉంటాడు. జడలమ్మకు మాత్రం ఆ మాట పంట్లో ఇరుక్కున్న పీచులా వారమంతా గుచ్చింది. కప్పు ఆటరోజు తుమ్మెద తోకకు ఎప్పుడూ చుట్టే ఆరు చుట్లకు బదులు తొమ్మిది చుట్టింది. చివరి మూడూ పళ్ళు బిగించి లాగింది. తుమ్మెద వెనక్కి తిరిగి చూసింది. "చూడకు, ఈసారి ఊడితే అడుగు" అంది ఆమె.

ఊడలేదు. జట్టు గెలిచింది. ఆరు గుర్రాల్లో ఐదింటి జడలు ఆమె విప్పేసింది. తుమ్మెద చివరి విడతలో ఆడి, ఆపైన కప్పుతో ఫొటోల దగ్గర నిలబడిపోయింది. దానికోసం ఎదురుచూస్తూ ఉండగా, అతిథుల గుడారంలోంచి కెమెరా పట్టుకున్న ఒకావిడ వచ్చి, "ఆ తోకలు అల్లింది మీరేనా? ఎంత బాగున్నాయో! మాకూ వేస్తారా అలా?" అని చెయ్యి పట్టుకుంది. జడలమ్మ ఒకసారి తుమ్మెద వైపు చూసింది. చుట్టూ ఇంకా జనం ఉన్నారు. ఐదు నిమిషాలే కదా అని వెళ్ళింది.

గుడారంలో నలుగురు ఆడవాళ్ళకు గుర్రపు జడలు వేసింది. నవ్వులు, ఫొటోలు. "వీళ్ళకి నాడాలు కూడా కొట్టించమంటారా?" అని ఎవరో మగాయన అంటే గుడారం పగలబడి నవ్వింది. జట్టు నాయకుడి భార్య ఆమె భుజం తట్టి, "మీ ఇల్లు మా దారిలోనేగా, కార్లో దింపుతాను పదండి" అంది. కారులో ఇంటికి వెళ్ళడం జడలమ్మకు అదే మొదటిసారి. కటింగ్ షాపు ముందు దిగినప్పుడు, సగం గడ్డం గీయించుకున్నవాడు కూడా నురగతో బయటకు వచ్చి చూశాడు. "ఎవరండీ మీరు? మా ఇంటి దొరసానిలా ఉన్నారే" అన్నాడు భర్త. ఆ సాయంత్రమంతా ఆమె ఆ ముచ్చట్లే చెప్పుకుంది. ఆరో జడ మనసులోకే రాలేదు.

తెల్లవారుజామున లేచి, అలవాటు ప్రకారం కళ్ళు మూసి చేతులు జోడించింది. మూసిన కళ్ళలో దేవుడు కనబడలేదు, తుమ్మెద తోక కనబడింది. చెప్పులు వేసుకోకుండానే పరిగెత్తింది.

లాయంలో తుమ్మెద గోడకు నడుము ఆనించి నిలబడి ఉంది. గోడ సున్నమంతా రాలి నేల మీద పడింది. దాణా ముట్టలేదు. పట్టీ చర్మంలోకి దిగిపోయి ఉంది. జడలమ్మ చుట్టు తర్వాత చుట్టు విప్పింది. తొమ్మిదో చుట్టు వచ్చాక తోకను చేతిలోకి తీసుకుంటే చల్లగా, తడి పిండిలా ఉంది. నూనె రాసి రుద్దింది. "వెచ్చబడు తల్లీ, వెచ్చబడు" అంటూ గంటసేపు రుద్దింది.

అప్పుడే నిదానం లోపలికి వచ్చాడు. ముందురోజు ఆటలో కాలు బెణికిన ఇంకో గుర్రాన్ని లారీలో ఎక్కించి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళమని లాయం మేనేజరు ఆ సాయంత్రమే ఆయన్ను పంపాడు. వెళ్ళేముందు నియమం ప్రకారం తుమ్మెద తోక ముట్టుకోకుండా కట్టేసి వెళ్ళాడు.

"ఏం చెల్లెమ్మా, ఇంత పొద్దున్నే? నిన్న సాయంత్రం విప్పేశావుగా?"

"ఆఁ. విప్పేశాను అన్నయ్యా. ఊరికే చూద్దామని వచ్చా."

అంతే. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. ఆలోచించి చెప్పిన అబద్ధం కాదు. కాలు జారినట్టు జారింది. పట్టీని కొంగులో దాచుకుంది. నిదానం ఎప్పటిలాగే సీసా మూత తీసి, మందు కొలిచి, నీళ్ళు కలపడం మొదలుపెట్టాడు.

నాలుగు రోజులకు తోక వాచింది. వారానికి వెంట్రుకలు దువ్వెనకు కుచ్చుకుచ్చులుగా వచ్చాయి. పదోరోజు డాక్టరు వచ్చి, చేతికి తొడుగు వేసుకుని, చాలాసేపు తడిమి చూశాడు. మేనేజరు, నిదానం, జడలమ్మ పక్కనే నిలబడ్డారు.

"ఈ తోక ఇక బతకదు. తోక తీసేయాలి. లేకపోతే కుళ్ళు వెన్నులోకి ఎక్కుతుంది" అన్నాడు డాక్టరు. "ఇలా రెండు రకాలుగా అవుతుంది. మందు నీళ్ళు మరీ ఘాటుగా కలిపితే చర్మం కాలిపోతుంది. లేదంటే పట్టీ రాత్రంతా ఉండిపోవాలి. కట్టింది ఎవరు?"

"నేనేనండి."

"ఎప్పుడు విప్పావమ్మా?"

ముగ్గురూ ఆమె వైపు చూశారు. తుమ్మెద కూడా చూసినట్టే ఉంది. "ఆట అవగానే" అంది జడలమ్మ.

మేనేజరు తలాడించాడు. ఆమె మాటను అనుమానించాలని ఆయనకు తోచనేలేదు. ఇరవై రెండేళ్ళ మంచిపేరు ఆ క్షణంలో ఆమెకు గొడుగు పట్టింది. ఆ గొడుగు కింద నిలబడటమంత అవమానం ఇంకోటి లేదని ఆమెకు తర్వాత తెలిసింది.

నిదానం నెమ్మదిగా అన్నాడు, "అయితే నేనేనండి. ఈమధ్య కళ్ళు సరిగ్గా ఆనట్లేదు. మూత గీత తప్పి ఉంటాను. నా చేతులారా చేసుకున్నా."

డాక్టరు తుమ్మెదకు మత్తు ఇచ్చి తోక తీసేశాడు. జానెడు మొండి మిగిలింది. నిదానాన్ని మేనేజరు గుర్రాల పని నుంచి తప్పించి గడ్డి గదికి మార్చాడు. కోపంగా కూడా చెప్పలేదు. "వయసు మీద పడింది పెద్దాయనా, ఇక మోపులు లెక్క చూసుకో చాలు" అన్నాడు. అలా జాలిగా అనడం తిట్టుకన్నా లోతుగా తగిలింది ఆయనకు. తుమ్మెద పగ్గం ఇంకొకరి చేతికి ఇచ్చాడు.

ఆ తర్వాతి రోజులు జడలమ్మకు ఎలా గడిచాయంటే, తిన్న ముద్ద గొంతు దిగేది కాదు, పడుకున్నా నిద్ర కంటిదాకా వచ్చేది కాదు. తెల్లవారుజామున చేతులు జోడించేది గాని మాట వచ్చేది కాదు. అన్నీ చూసేవాడి ముందు ఏమని మొదలుపెట్టాలి? భర్త ఎగతాళి చేశాడు. "ఏంటే, కారెక్కినప్పటి నుంచి నేల మీద నడవడం మర్చిపోయావా?" ఆమె నవ్వలేదు. ఆయన ఆ పూట తనే గిన్నెలు కడిగాడు. ఆ మంచితనం కూడా ఆమెకు ముల్లులాగే గుచ్చుకుంది.

అన్నిటికంటే నిదానం ఎదురుపడటం కష్టంగా ఉండేది. ఆయన మొహంలో ఆమె మీద అనుమానపు నీడ కూడా లేదు. గడ్డి గది నుంచి వస్తూ, ఇదివరకటిలాగే, "చెల్లెమ్మా, చలిగా ఉంది, పట్టీలు ఇటివ్వు" అనేవాడు. ఆమె "వద్దన్నయ్యా" అనేది. "వద్దేంటి? గుర్రాలు తీసేసుకున్నారుగాని చొక్కా తీసేసుకోలేదుగా" అని నవ్వేవాడు. పక్కనున్నవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆమె వెచ్చబడిన పట్టీలు తీసుకుని గుర్రం వెనక్కి వెళ్ళిపోయేది. అక్కడైతే మొహం ఎవరికీ కనబడదు.

ఆమె వేళ్ళు కూడా చెడిపోయాయి. బిగించబోయి వదులు చేసేది, వదులైందని మళ్ళీ విప్పేది. ఒక గుర్రానికి అరగంట పట్టేది.

తుమ్మెద బాధ వేరు. గుర్రానికి తోకంటే అందం కోసం ఇచ్చింది కాదు, ఈగల కోసం దేవుడు ఇచ్చిన విసనకర్ర. అది పోయాక ఈగలు పొట్ట కింద, తొడల మీద మూగేవి. తుమ్మెద మొండి తోకను ఆడించేది. లేని వెంట్రుకలతో తోలుకుంటున్నట్టు, కుడికి, ఎడమకు, ఊరికే. చివరికి కాళ్ళు నేలకేసి కొట్టేది. కొత్తగా చూసుకునేవాడు పదిసార్లు తోలి, పదకొండోసారి విసుక్కునేవాడు.

కప్పు ఆట తర్వాత ఇరవై మూడో రోజు మధ్యాహ్నం నిదానం ఆమెను గడ్డి గది దగ్గర ఆపాడు. చేతిలో మందు సీసా మూత ఉంది.

"చెల్లెమ్మా, ఒక మాట అడుగుతాను, దాచకుండా చెప్పు. ఈ నెలాఖరుకి మానేస్తున్నా. మేనేజరుగారికి చెప్పేశా."

"అదేంటన్నయ్యా!"

"గడ్డి మోయడానికి నాకేం నామోషీ లేదు. కానీ ఇంకో గుర్రం నా చేతిలో చెడితే తట్టుకోలేను. వెళ్ళేలోపు ఒక్కటి తెలుసుకోవాలి. ఆరోజు పొద్దున్న నువ్వు అక్కడే ఉన్నావు. నేను మందు కలపడం చూశావు. ఎక్కడ తప్పానో చెప్పు. రెండు మూతలు పోశానా? నీళ్ళు తక్కువ పోశానా? నాకు గుర్తు రావట్లేదు. రోజూ ఈ మూత పట్టుకుని కూర్చుంటున్నా. తెలిస్తే కనీసం బెంగ తీరుతుంది."

జవాబు కోసం ఆయన ఓపిగ్గా నిలబడ్డాడు. ఆయనకు తొందర ఎప్పుడూ లేదు కదా. ఆ ఓపికే ఆమెను విరిచేసింది. ఉన్నచోటే గడ్డి మోపు మీద కూలబడింది.

"మందు సరిగ్గానే కలిపావు అన్నయ్యా. గీత దాకానే పోశావు. నేను చూశాను."

"మరి?"

"నేను విప్పలేదు. ఆ సాయంత్రం గుడారంలో ఆడవాళ్ళకి జడలు వేస్తూ కూర్చున్నా. కారెక్కి ఇంటికెళ్ళిపోయా. మర్నాడు పొద్దున్న నువ్వు వచ్చేముందే విప్పాను."

నిదానం ఆమె వైపు చూడలేదు. మూత వైపు చూశాడు. "ఎన్ని చుట్లు?" అన్నాడు.

"తొమ్మిది."

"ఎప్పుడూ ఆరేగా."

"నాయకుడు అందరిముందు అన్నాడని..." మిగతాది ఆమె మింగేసింది.

"తొమ్మిది" అన్నాడు ఆయన మళ్ళీ. తన ఒంటికే బిగించినట్టు మొహం ముడుచుకుంది. "రోజూ ఈ మూత కంటికి దగ్గరగా పెట్టుకుని చూసుకున్నా. గీత కనబడుతూనే ఉంది. అయినా నా కళ్ళని నమ్మలేదు. నిన్ను నమ్మాను."

ఆమె ఆయన కాళ్ళ వైపు వంగబోయింది. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ లాయంలో ఎవరూ ఎన్నడూ వినని గొంతుతో అన్నాడు, "వద్దు. నా కాళ్ళు పట్టుకుని తేలిగ్గా వదిలించుకోకు. నాకు చెప్పావు, సరే. మేనేజరుకి ఎవరు చెబుతారు? డాక్టరుకి ఎవరు చెబుతారు? ఈ లాయంలో నన్ను చూసి జాలిపడే ప్రతివాడికీ ఎవరు చెబుతారు?"

ఎప్పుడూ "నిదానం" అనే ఆ మనిషి చేతిలోంచి మూత గడ్డిలో పడిపోయింది. ఆయన దాన్ని తీసుకోలేదు.

ఆమె లేచి, నిలబడి, కొంగుతో మొహం తుడుచుకోకుండానే నేరుగా మేనేజరు గదికి వెళ్ళింది. తుడుచుకుంటే ధైర్యం కూడా తుడిచిపెట్టుకుపోతుందని భయం. అక్కడ నాడాలు కొట్టేవాడూ, జీను కుట్టేవాడూ కూర్చుని ఉన్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగవచ్చు. ఆగలేదు. గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పింది. చుట్లు ఎన్నో చెప్పింది, కారు సంగతి చెప్పింది, డాక్టరుకు చెప్పిన అబద్ధం చెప్పింది. జీను కుట్టేవాడు సూది అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

"మరిచిపోవడం మనిషికి ఉండేదే" అన్నాడు మేనేజరు. "నేనూ మరిచిపోతాను. కానీ దాన్ని ఆ పెద్దాయన నెత్తిన పెట్టి, ఇంటికెళ్ళి అన్నం ఎలా తిన్నావమ్మా?"

ఆమె తినలేకపోయానని చెప్పుకోవచ్చు. అదీ తనమీద జాలి కోసమే అవుతుందని ఊరుకుంది.

ఆ సాయంత్రమే మేనేజరు గడ్డి గదికి స్వయంగా వెళ్ళి, నిదానాన్ని వెంటబెట్టుకుని తీసుకొచ్చి తుమ్మెద పగ్గం చేతిలో పెట్టాడు. అందరినీ పిలిచి, పాత కట్టుబాటు మార్చాడు. ఇకనుంచి ఎవరు కట్టినా, గుర్రాన్ని కట్టేసే మనిషి తోక తడిమి చూడాలి, పట్టీ కనబడితే కత్తిరించాలి. జడలమ్మ తోకలు ముట్టుకోకూడదు. అల్లడం ఇంకో ఇద్దరు నేర్చుకుంటారు. "పనిలోంచి తీసేస్తున్నారా అండీ?" అని ఆమె అడిగింది. "ఏం పని ఇవ్వాలో నాకు తోచట్లేదు. నువ్వే చెప్పు" అన్నాడు.

"తుమ్మెదకి ఈగలు తోలతానండి" అంది ఆమె.

ఎవరో కిసుక్కుమన్నారు. అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది.

ఇంటికి వెళ్ళి భర్తకు చెప్పింది. ఆయన ఈసారి హాస్యమాడలేదు. షాపులో ఎవరైనా ఆ సంగతి ఎత్తితే తనే జవాబు చెప్పుకుంటానన్నాడు. "వద్దు, నన్నే పిలువు. నేనే చెబుతా" అంది ఆమె.

మర్నాటి నుంచి తెల్లటి పాత గుడ్డ ఒకటి కర్రకు కట్టుకుని తుమ్మెద పక్కన నిలబడింది. గుర్రం మొదటి రెండు రోజులు ఆమె వెనక్కి వచ్చినప్పుడల్లా చెవులు వెనక్కి వాల్చింది. నిదానం ఆమెతో మాట్లాడలేదు. మాలీసు చేసేవాడు, దాణా పెట్టేవాడు, ఆమె ఉన్న వైపు చూడకుండా పని చూసుకునేవాడు. అది న్యాయమేనని ఆమెకు తెలుసు. తెల్లవారుజామున చేతులు జోడించినప్పుడు మాత్రం ఇప్పుడు రెండు మూడు మాటలు వస్తున్నాయి. క్షమించమని అడగలేదు. ఈ పూట ఈగలు తక్కువగా ఉండేలా చూడమని అడిగింది.

ఎనిమిదో రోజు గడ్డి తెచ్చే కొత్త లారీ డ్రైవరు లోపలికి తొంగి చూసి ఆగిపోయాడు. "ఇదేంటి పెద్దాయనా, ఈ గుర్రానికి తోకేది? పుట్టుకతోనే ఇంతేనా?"

నిదానం తుమ్మెద మెడ తుడుస్తున్నవాడు తుడుస్తూనే ఉన్నాడు. జడలమ్మ గొంతు సవరించుకుంది.

"కాదు బాబూ. బాగానే ఉండేది. పట్టీ విప్పడం మర్చిపోయి నేనే పోగొట్టా. తర్వాత వేరేవాళ్ళ మీదకి నెట్టేశా."

డ్రైవరు "అయ్యో" అని, ఎవరిని చూసి అన్నాడో తనకే తెలియనట్టు తల గోక్కుని లారీ దగ్గరకు వెళ్ళిపోయాడు. జడలమ్మ చెవులు కాలుతున్నాయి. గుడ్డ కర్ర గట్టిగా పట్టుకుని తుమ్మెద తొడ మీద ఈగలు తోలింది.

కాసేపటికి గుర్రం అవతలి వైపు నుంచి, ఆమె వైపు తల తిప్పకుండానే, నిదానం అన్నాడు.

"పొట్ట కింద ఎడమ పక్కన చూడు. అక్కడ వాలుతున్నాయి."

ఆమె వంగి, ఎడమ పక్కకు వెళ్ళింది.